ఫార్మాట్ కొట్టకండి, బయోస్‌లో మార్చినవి వెనక్కి పెట్టండి

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. చదువుకి లినక్స్ కావాలని, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ తగ్గించి, ఆ ఖాళీలో ఉబుంటు వేసుకున్నాను. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఎర్రర్ ఏదీ రాలేదు. కానీ రీస్టార్ట్ చేస్తే ఏది కావాలో అడిగే మెనూ రాలేదు, నేరుగా విండోసే తెరుచుకుంది. ఒక వీడియోలో చూసి బయోస్‌లోకి వెళ్లి యూఈఎఫ్ఐని లెగసీగా మార్చాను, సెక్యూర్ బూట్ ఆపేశాను. ఇంకా ఒకటో రెండో మార్చాను కానీ అవేంటో గుర్తులేదు. తర్వాత బూటబుల్ డివైస్ లేదని వచ్చింది. భయపడి మళ్లీ యూఈఎఫ్ఐ పెడితే, ఇప్పుడు నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. నేను బిట్‌లాకర్ ఎప్పుడూ పెట్టుకోలేదు. తెలిసినవాళ్లు మొత్తం ఫార్మాట్ కొట్టేయమంటున్నారు. నా ప్రాజెక్ట్ అంతా అందులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. ఏం చేయాలి? ఇదంతా సర్దుకున్నాక ఎప్పుడైనా ఉబుంటు వద్దనిపిస్తే ఎలా తీయాలి?
– చివరి సంవత్సరం విద్యార్థిని

సమాధానం: ఫార్మాట్ వద్దు. ఎంత దగ్గరివాళ్లు చెప్పినా వద్దు. మీ ప్రాజెక్ట్ ఎక్కడికీ పోలేదని నమ్మడానికి ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. ఉబుంటు వేశాక విండోస్ ఒకసారి మామూలుగా తెరుచుకుందని రాశారు. అంటే డిస్కు మీద జరగాల్సిన పెద్ద పనులు, అంటే సీ డ్రైవ్ తగ్గించడం, కొత్త పార్టిషన్ చేయడం, ఉబుంటు ఫైళ్లు రాయడం, అన్నీ అయిపోయాక కూడా మీ విండోస్ క్షేమంగానే ఉంది. ఆ తర్వాత మీరు ముట్టుకున్నది బయోస్‌ని మాత్రమే. బయోస్ సెట్టింగులు మదర్‌బోర్డు మీదున్న చిప్‌లో ఉంటాయి, డిస్కులో కాదు. లెగసీ అన్నా, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాంలతోనే కంప్యూటర్‌ని మొదలవనిచ్చే కాపలా) ఆపినా మీ ఫైళ్లలో ఒక్క అక్షరం మారదు. కాబట్టి ముందు కాస్త నిమ్మళించండి. ఈ పనికి తొందర అక్కర్లేదు, వరుస తప్పకపోతే చాలు.

ఏం చేయాలో చెప్పే ముందు, ఏం చేయకూడదో చెప్పాలి. ఇలాంటి కేసుల్లో డేటా పోయేది మొదటి సమస్య వల్ల కాదు, కంగారులో చేసే రిపేర్ల వల్ల. ఆ నీలం స్క్రీన్‌లో పక్క దారుల్లోకి వెళ్తే పీసీని రీసెట్ చేసే ఆప్షన్ కనిపిస్తుంది, దాని జోలికి వెళ్లకండి. బయోస్‌లో టీపీఎంని, అంటే తాళాలు దాచే భద్రతా చిప్‌ని, క్లియర్ చేయాలా అని ఎక్కడైనా అడిగితే ఒప్పుకోకండి. మీ డిస్కు తాళం తీసే సమాచారం అందులోనే ఉంది. అది చెరిపేస్తే రికవరీ కీ ఒక్కటే దిక్కవుతుంది, ఆ కీ ఇంకా మీ చేతికి రాలేదు. ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు. అందులో డిస్కు మొత్తం తుడిచేసే ఆప్షన్ ఒకటుంటుంది, అలసిపోయిన కళ్లకి అదే ముందు కనబడుతుంది. బయోస్‌లో అన్నిటినీ డీఫాల్ట్‌కి తెచ్చే బటన్ కూడా ఇప్పుడే నొక్కకండి. అది చూడ్డానికి సురక్షితంగా ఉంటుంది కానీ, డిస్కుకి సంబంధించిన ఒక సెట్టింగ్‌ని మీకు తెలియకుండా మార్చేయగలదు. దాని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు అసలు లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలుసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. పవర్ బటన్ నొక్కగానే మొదట మేలుకునేది ఫర్మ్‌వేర్. మనం అలవాటుగా బయోస్ అంటున్నాం గానీ, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది యూఈఎఫ్ఐ. దాని దగ్గర చిన్న జాబితా ఉంటుంది: ఫలానా డిస్కులో ఫలానా ఫైల్‌తో మొదలుపెట్టాలి, అది కాకపోతే ఫలానాది. ఆ ఫైళ్లు ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగంలో ఉంటాయి. సాధారణంగా విండోస్ దాన్ని 100 ఎంబీ సైజులో, ఫ్యాట్32 పద్ధతిలో చేస్తుంది. అందులో మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోల్డర్, మీరు ఉబుంటు వేశాక ఉబుంటు పేరుతో ఇంకో ఫోల్డర్ పక్కపక్కనే ఉంటాయి. ఉబుంటు ఫోల్డర్‌లో ముందుగా నడిచే షిమ్ అని ఒకటి, అది పిలిచే గ్రబ్ అని ఒకటి ఉంటాయి. మీరు ఎదురుచూసిన ఆ మెనూ చూపించేది గ్రబ్బే. పుస్తకంలో విషయసూచిక పేజీ చిరిగితే లోపలి అధ్యాయాలు పోవు కదా, బూట్ సమస్యలు నూటికి తొంభై అలాంటివే. జాబితాలోనో, ఆ చిన్న పార్టిషన్‌లోనో ఎక్కడో తేడా వస్తుంది. మీ ప్రాజెక్ట్ ఉన్న పెద్ద పార్టిషన్‌కి దానితో సంబంధం ఉండదు.

లెగసీ అనేది దీనికి పూర్తిగా వేరే పద్ధతి, 1980ల నాటిది. అందులో ఫర్మ్‌వేర్ ఫైళ్లను చూడదు. డిస్కులో మొట్టమొదటి 512 బైట్లను చదివి, అందులోని బుల్లి ప్రోగ్రాంకి పగ్గాలు ఇచ్చేస్తుంది. మీ విండోస్ 11 ఆ పద్ధతిలో మొదలయ్యేలా చేసింది కాదు. అందుకే లెగసీ పెట్టగానే బూటబుల్ డివైస్ లేదన్నది. డిస్కు చెడిపోలేదు, దాన్ని చదవాల్సిన పద్ధతి మారిపోయింది, అంతే. ఆ వీడియో ఏదో పాత కంప్యూటర్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినట్టుంది. యూఈఎఫ్ఐలో ఉన్న విండోస్ పక్కన ఉబుంటు వేసుకున్నవాళ్లకి లెగసీ పెట్టమనే సలహా ఎవరిచ్చినా తప్పే.

ఇక బిట్‌లాకర్. డిస్కులో ఉన్నదంతా పరాయివాళ్లు చదవలేకుండా తాళం వేసి ఉంచే విండోస్ సదుపాయం ఇది. మీరు పెట్టుకోలేదన్నది నిజమే అయ్యుంటుంది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌ని మొదటిసారి ఆన్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా మెషీన్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే మొదలవుతుంది. అది ఉన్న సంగతి కూడా మనకి తెలియదు, ఎందుకంటే రోజూ తాళం టీపీఎం చిప్ తీసేస్తుంది. కానీ ఆ చిప్ తాళం తీసే ముందు, కంప్యూటర్ మొదలైన తీరు ఎప్పటిలాగే ఉందా అని చూస్తుంది. సెక్యూర్ బూట్ ఆగిపోయిందంటే దానికి తేడా కనిపించింది, ఎవరో డిస్కుని దొంగచాటుగా తెరవబోతున్నారేమోనని కీ అడుగుతోంది. ఇది రిపేర్ చేయాల్సిన లోపం కాదు, చేయాల్సిన పనే అది చేస్తోంది.

కాబట్టి మొదటి పని, మార్చినవన్నీ పాత స్థితికి తేవడం. ఏవేవి మార్చారో గుర్తులేదన్నారు, పర్వాలేదు. విండోస్ 11కి యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 కావాలన్నది మైక్రోసాఫ్ట్ 2021లోనే పెట్టిన నియమం. కాబట్టి విండోస్ 11తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో మొదట ఇవి ఎలా ఉండేవో మనం ఊహించాల్సిన పని లేదు. మెషీన్ పూర్తిగా ఆపి, ఆన్ చేస్తూనే ఎఫ్2 గానీ డిలీట్ గానీ వరసగా నొక్కండి. కొన్నిట్లో ఎఫ్10, ఇంకొన్నిట్లో ఎస్కేప్ ఉంటుంది. లోపలికి వెళ్లాక ముందు ఫోన్‌తో ప్రతి పేజీని ఫోటో తీసుకోండి, ఒక్క సెట్టింగ్ మార్చకముందే. తర్వాత బూట్ మోడ్ యూఈఎఫ్ఐ మాత్రమే ఉండాలి, సీఎస్ఎం (లెగసీ పద్ధతిని నడిపించే సెట్టింగ్) అని కనిపిస్తే అది ఆఫ్‌లో ఉండాలి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాలి. టీపీఎం కూడా ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంటెల్ మెషీన్లలో దీన్ని పీటీటీ అని, ఏఎండీ మెషీన్లలో ఎఫ్‌టీపీఎం అని రాస్తారు. సేవ్ చేసి బయటికి రండి. అన్నీ పాత స్థితికి వచ్చి ఉంటే, చాలాసార్లు బిట్‌లాకర్ ఇంక కీ అడక్కుండానే విండోస్ తెరుచుకుంటుంది.

బూట్ జాబితాలో మీ డిస్కు పేరే ఎక్కడా కనిపించకపోతే గానీ, విండోస్ మొదలవుతూ ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్ అని నీలం తెర వస్తే గానీ, మీరు మర్చిపోయిన ఆ ఒకటో రెండో మార్పుల్లో డిస్కు కంట్రోలర్ మోడ్ ఉందని దాదాపు చెప్పొచ్చు. బయోస్‌లో స్టోరేజ్ లేదా సాటా అన్న చోట ఏహెచ్‌సీఐ, రెయిడ్, ఆర్ఎస్‌టీ, వీఎండీ లాంటి పేర్లుంటాయి. లినక్స్ ఇన్‌స్టాలర్‌కి డిస్కు కనిపించకపోతే ఏహెచ్‌సీఐకి మార్చమని చాలామంది చెప్తారు. కారణం సరైనదే కానీ, విండోస్ అప్పటికే రెండో మోడ్‌లో ఉంటే దానికి ఈ కొత్త మోడ్ డ్రైవర్ సిద్ధంగా ఉండదు. ఇప్పుడు ఏముందో ఫోటో తీసుకుని, రెండోదానికి మార్చి చూడండి. ఇదీ వెనక్కి తిప్పుకోగలిగిందే. మున్ముందు నిజంగానే ఏహెచ్‌సీఐ కావాల్సి వస్తే దానికో పద్ధతుంది: ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో మొదలయ్యేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరిచి, తర్వాత సేఫ్ మోడ్ తీసేయాలి. ఆ ఒక్కసారిలో విండోస్ కొత్త డ్రైవర్ సర్దుకుంటుంది. ఇప్పుడు మాత్రం దాని జోలికి వెళ్లకండి.

అన్నీ వెనక్కి పెట్టాక కూడా కీ అడిగితే, అది వెతకాలి. కీ అంటే 48 అంకెలు. ఫోన్‌లోగానీ వేరే కంప్యూటర్‌లోగానీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి, డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ పేరు మీద చూస్తే బిట్‌లాకర్ రికవరీ కీలు అని ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తే నీలం స్క్రీన్ మీద ఉన్న కీ ఐడీతో పోల్చుకోండి. ఐడీ మొదటి 8 అక్షరాలు కలిస్తే అదే మీ కీ. మీ అకౌంట్‌లో లేకపోతే, ల్యాప్‌టాప్ కొన్నప్పుడు మొదటి లాగిన్ ఎవరిదో గుర్తు తెచ్చుకోండి. చాలా ఇళ్లలో నాన్నగారి అకౌంటో అన్నయ్య అకౌంటో పెట్టి మొదలుపెడతారు, కీ అక్కడికి వెళ్లి కూర్చుంటుంది. కాలేజీ ఇచ్చిన అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే, ఆ అకౌంట్లు చూసుకునేవాళ్ల దగ్గర దొరుకుతుంది. కీ దొరికాక దాన్ని కాగితం మీద కూడా రాసుకోండి. ఫోటో తీసి ఇదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే మళ్లీ తాళం పడినప్పుడు ఉపయోగం లేదు.

విండోస్ తెరుచుకున్న క్షణం మీరు చేయాల్సింది ఉబుంటు మెనూ వెతకడం కాదు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ గానీ పెద్ద పెన్‌డ్రైవ్ గానీ పెట్టి ప్రాజెక్ట్ కాపీ చేసుకోండి. అది చివరిదాకా అయ్యాక, కాపీ అయిన ఫైళ్లలో నాలుగైదు తెరిచి చూడండి. ఆ తర్వాతే మిగతా పని. ఎంత కంగారుగా ఉన్నా ఈ ఒక్కటి దాటేయొద్దని మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను. ఒకవేళ విండోస్ ఏ రకంగానూ తెరుచుకోకపోయినా దారి మూసుకుపోలేదు. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, ఇన్‌స్టాల్ కాకుండా ట్రై ఉబుంటు అన్నది ఎంచుకోండి. ఫైల్స్‌లో విండోస్ డ్రైవ్ మీద నొక్కితే అది పాస్‌వర్డ్ అడుగుతుంది, అక్కడ ఆ 48 అంకెల కీ హైఫన్లతో సహా ఇస్తే తెరుచుకుని, ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. కీ చేతిలో ఉండాలన్నది ఇందుకే.

ఇప్పుడు మీ మొదటి సమస్యకి వద్దాం. మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకోవడానికి మామూలు కారణం, ఫర్మ్‌వేర్ జాబితాలో విండోస్ బూట్ మేనేజర్ పైన, ఉబుంటు కింద ఉండటం. దీనికి లెగసీ అక్కర్లేదు, సెక్యూర్ బూట్ ఆపక్కర్లేదు. ఉబుంటు వాడే షిమ్ మైక్రోసాఫ్ట్ సంతకంతోనే వస్తుంది, సెక్యూర్ బూట్ ఉన్నా పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి, చాలావాటిలో ఎఫ్12, కొన్నిట్లో ఎఫ్9 లేదా ఎస్కేప్. జాబితాలో ఉబుంటు అని కనిపిస్తే దాన్ని ఎంచుకోండి. తెరుచుకుందంటే మీ ఇన్‌స్టాలేషన్‌లో ఏ లోపమూ లేదు. బయోస్‌లో బూట్ ఆర్డర్‌లో ఉబుంటుని పైకి జరిపితే సరి. మీరు మొదటి రోజే చేయాల్సిన మార్పు ఇదొక్కటే.

జాబితాలో ఉబుంటు అనేదే లేకపోతే రెండు అవకాశాలు. మొదటిది, ఫైళ్లు ఉన్నాయి కానీ ఫర్మ్‌వేర్ వాటిని నమోదు చేసుకోలేదు. కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ విండోస్ తప్ప ఇంకో పేరుని పట్టించుకోదు, లేదా మనం చేత్తో ఎంచుకుంటే గానీ నమ్మదు. బయోస్‌లో కొత్త బూట్ ఆప్షన్ చేర్చడానికి గానీ, నమ్మదగిన ఈఎఫ్ఐ ఫైల్ ఎంచుకోవడానికి గానీ చోటుందేమో చూడండి. ఉంటే ఉబుంటు ఫోల్డర్‌లోని షిమ్ ఫైల్‌ని చూపించండి. పక్కనే గ్రబ్ ఫైల్ కూడా కనిపిస్తుంది కానీ, సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు మొదట నడవాల్సింది షిమ్. రెండో అవకాశం, ఇన్‌స్టాల్ చేసిన రోజు పెన్‌డ్రైవే లెగసీ పద్ధతిలో మొదలై ఉండొచ్చు. అలా అయితే ఉబుంటు కూడా లెగసీ పద్ధతిలోనే కూర్చుంటుంది, ఈఎఫ్ఐ పార్టిషన్‌లో దాని ఫోల్డరే ఉండదు. ఇలా రెండు సిస్టమ్‌లు చెరో పద్ధతిలో ఉంటే ఒకదానికి ఇంకోటి కనిపించదు.

ఏది నిజమో తేల్చుకోవడం కష్టం కాదు. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ కొన్నిసార్లు రెండుసార్లు కనిపిస్తుంది, ముందు యూఈఎఫ్ఐ అని రాసి ఉన్నదాన్ని ఎంచుకుని ట్రై ఉబుంటులోకి వెళ్లండి. టెర్మినల్‌లో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అని కొడితే ఫర్మ్‌వేర్ జాబితా మొత్తం కనిపిస్తుంది. డిస్క్స్ అనే ప్రోగ్రాంలో ఆ చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ని తెరిచి ఉబుంటు ఫోల్డర్ ఉందో లేదో చూడండి. లేకపోతే గ్రబ్‌ని కొత్తగా పెట్టించాలి. దానికి బూట్ రిపేర్ అనే ప్రోగ్రాం ఉంది. ట్రై ఉబుంటులోనే నెట్ కనెక్ట్ చేసి దాన్ని తెచ్చుకోవచ్చు, అందులో సిఫార్సు చేసిన రిపేర్ అనే బటన్ ఒకటి నొక్కితే చాలామందికి సరిపోతుంది. కానీ నేను అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఒకసారి చూశాకే నొక్కమంటాను. విండోస్ ఈఎఫ్ఐ ఫైళ్ల పేర్లు మార్చే ఆప్షన్ అక్కడ టిక్ అయి ఉంటే తీసేయండి. బిట్‌లాకర్ ఉన్న మెషీన్‌లో విండోస్ బూట్ ఫైళ్లని ముట్టుకోవాల్సిన అవసరం మనకి లేదు. ఇక మీ ఉబుంటులో ఇంకా ఏ పనీ మొదలుపెట్టకపోతే, దానికంటే సులువైన దారి ఇంకొకటి ఉంది. ప్రాజెక్ట్ కాపీ చేతిలో ఉంది కాబట్టి, ఉబుంటు పార్టిషన్‌ని మాత్రమే ఎంచుకుని, యూఈఎఫ్ఐ పద్ధతిలో మొదలైన పెన్‌డ్రైవ్‌తో దాన్ని మళ్లీ వేసుకోవచ్చు. విండోస్ పార్టిషన్లని, ఈఎఫ్ఐ పార్టిషన్‌ని ఫార్మాట్ చేయాలన్న టిక్ లేకుండా చూసుకోవడమే అందులో జాగ్రత్త.

ఉబుంటు వచ్చింది కానీ గ్రబ్ మెనూలో విండోస్ కనిపించడం లేదని మీకే రేపు అనిపించొచ్చు. దీనికి కారణం తెలిసిందే. గ్రబ్ 2.06 వెర్షన్ 2021లో వచ్చినప్పటి నుంచి, వేరే సిస్టమ్‌లని వెతికే ఓఎస్ ప్రోబర్‌ని భద్రత కోసం డీఫాల్ట్‌గా ఆపేసి ఉంచుతున్నారు. ఈటీసీ లోపల డీఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైల్ ఉంటుంది. అందులో డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అన్న లైన్ వెతికి, ముందు # గుర్తు ఉంటే తీసేసి, చివర ఫాల్స్ అని ఉండేలా చూసి సేవ్ చేయండి. తర్వాత టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ అని కొడితే, విండోస్ బూట్ మేనేజర్ దొరికిందని అక్కడే చూపిస్తుంది.

అయితే మీ విషయంలో ఒక మెలిక ఉంది. బిట్‌లాకర్ ఉన్న విండోస్‌ని గ్రబ్ ద్వారా తెరిస్తే, కొన్ని సిస్టమ్‌లలో టీపీఎంకి మళ్లీ దారి మారినట్టు కనిపించి కీ అడుగుతుంది. అందుకని మీకు నా సలహా, గ్రబ్ మెనూలో విండోస్ కోసం తాపత్రయపడకండి. రోజూ ఎక్కువ వాడేది ఏదో దాన్ని బూట్ ఆర్డర్‌లో పైన పెట్టుకుని, రెండోది కావాల్సినప్పుడు ఎఫ్12 నొక్కి నేరుగా ఎంచుకోండి. ఒక్క కీ ఎక్కువ నొక్కాలి, అంతే. దానికి బదులు బిట్‌లాకర్ మొత్తం తీసేయొచ్చు కదా అని కొందరంటారు. ల్యాప్‌టాప్ పోయినా, ఎవరైనా తీసుకెళ్లినా ఫైళ్లు పరాయివాళ్ల చేతుల్లో పడకుండా కాపాడేది అదే కాబట్టి నేను తీయమనను. ఇకపై బయోస్‌లో ఏది మార్చాలన్నా ముందు విండోస్‌లోకి వెళ్లి బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా సస్పెండ్ చేయండి, పనయ్యాక మళ్లీ ఆన్ చేయండి. అప్పుడు ఈ నీలం స్క్రీన్ మిమ్మల్ని ఇలా అర్ధరాత్రి పూట పట్టుకోదు.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. ఇది విండోస్ 8తో 2012లో వచ్చింది. షట్‌డౌన్ చేశామనుకుంటాం గానీ, విండోస్ తనలో కొంత భాగాన్ని డిస్కులో దాచిపెట్టి సగం నిద్రలోకి వెళ్తుంది. ఆ స్థితిలో ఉబుంటులోకి వెళ్లి విండోస్ డ్రైవ్ తెరవబోతే, లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే ఇస్తుంది, లేదా అసలు తెరవనంటుంది. అది మంచికే. బలవంతంగా రాయిస్తే ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది, అప్పుడు నిజంగానే ఫైళ్లు పోతాయి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్ ఏం చేయాలన్న పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేస్తే చాలు. రీస్టార్ట్ చేసినప్పుడు ఈ గొడవ ఉండదు, అప్పుడు విండోస్ పూర్తిగానే ఆగి మొదలవుతుంది.

సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేశాక ఉబుంటు తెరవబోతే షిమ్, ఎస్‌బ్యాట్ అన్న మాటలతో సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని వచ్చి మెషీన్ ఆగిపోతే, అది మీరు చేసిన దానివల్ల కాదు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత పాత షిమ్ ఉన్న చాలా లినక్స్‌లు ఇలాగే ఆగిపోయాయి. ఈ మధ్యే వచ్చిన ఉబుంటు వేసి ఉంటే మీకిది ఎదురవకపోవచ్చు. ఎదురైతే, బిట్‌లాకర్ సస్పెండ్ చేసి, సెక్యూర్ బూట్ కాసేపు ఆపి, ఉబుంటులోకి వెళ్లి మొత్తం అప్‌డేట్ చేసి, మళ్లీ సెక్యూర్ బూట్ ఆన్ చేయండి.

ఇక ఉబుంటు తీసేయడం గురించి. దీనికీ వరుస ముఖ్యం. చాలామంది విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి లినక్స్ పార్టిషన్‌ని ముందు డిలీట్ చేసేస్తారు. మర్నాడు ఆన్ చేస్తే నల్ల తెర మీద గ్రబ్ అని ఒక్క మాట, పక్కన మెరుస్తున్న కర్సర్. ఎందుకంటే గ్రబ్ మొదటి ముక్క ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే మిగిలిపోయింది, అది చదవాల్సిన మెనూ ఫైలేమో డిలీట్ అయిన పార్టిషన్‌లో ఉండేది. అలాంటి తెర ఎప్పుడైనా వస్తే భయపడకండి. ఎగ్జిట్ అని కొట్టి చూడండి, లేదా ఆపి ఆన్ చేసి ఎఫ్12లో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకోండి, విండోస్ వచ్చేస్తుంది.

సరైన వరుస ఇది. ముందు ఉబుంటులో దాచుకున్నవి కాపీ చేసుకోవాలి. బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైన పెట్టి, రెండుమూడుసార్లు ఆపి ఆన్ చేసి, విండోస్ దానంతటదే తెరుచుకుంటోందని చూసుకోవాలి. ఆ తర్వాత లినక్స్ పార్టిషన్ డిలీట్ చేసి, ఆ ఖాళీని సీ డ్రైవ్‌కి కలుపుకోవచ్చు. ఖాళీ సీ డ్రైవ్‌కి వెంటనే పక్కన లేకపోతే కలపడం కుదరదు, అప్పుడు దాన్నే విడి డ్రైవ్‌గా వాడుకోండి. ఈఎఫ్ఐ పార్టిషన్‌ని, పక్కనుండే చిన్నచిన్న రికవరీ పార్టిషన్లని మాత్రం ఎంత అనవసరంగా కనిపించినా తీయకండి. ఈఎఫ్ఐలో మిగిలిన ఉబుంటు ఫోల్డర్ కొద్ది ఎంబీలే, దానివల్ల నష్టం లేదు. జాబితాలో ఉబుంటు పేరు కనిపించడం ఇబ్బందిగా ఉంటే చాలా బయోస్‌లలో ఆ ఎంట్రీని అక్కడే తీసేయొచ్చు.

ఇన్ని చేశాక కూడా ఎక్కడైనా ఆగిపోతే, కొత్తగా ఏదీ ప్రయత్నించకుండా నాకు రాయండి. ఆగిన స్క్రీన్ ఫోటో, బయోస్‌లో బూట్, సెక్యూరిటీ, స్టోరేజ్ పేజీల ఫోటోలు, ల్యాప్‌టాప్ మోడల్ నంబర్, ఉబుంటు ఏ వెర్షనో పంపండి. బయోస్‌లో డిస్కు పేరు ఏ మోడ్‌లోనూ కనిపించకపోతే అది ముందుగా చెప్పండి. అది బూట్ సమస్య కాదు, డిస్కుదో కనెక్షన్‌దో అవుతుంది, దాని దారి వేరు. రికవరీ కీ ఉన్న ఫోటో మాత్రం నాతో సహా ఎవరికీ పంపకండి.